కడప నల్లబండల నేల మీద తెల్లమచ్చలు: పాలిష్ మేస్త్రీతో ముందే ఏం మాట్లాడుకోవాలి?

కడపలో మీ పాత ఇంటి నల్లబండలు బాత్రూమ్ యాసిడ్‌తో కడిగాక తెల్లగా పాలిపోయాయని, పాలిష్ చేయించే ముందు మేస్త్రీని ఏం అడగాలని రాశారు. ఆ మచ్చలున్న చోట రాయి పైపొరనే యాసిడ్ తినేసింది, ఎంత తుడిచినా పోవు. కడప బండైనా, బేతంచెర్ల బండైనా సున్నపురాయే. నిమ్మరసం, చింతపండు పులుసు పడినా మెరుపు పోతుంది. గ్రానైట్‌కి ఈ బాధ లేదు. అందుకే మేస్త్రీ రాగానే రేటు కన్నా ముందు ‘ఈ బండకి ఏం వాడతారు?’ అని అడగండి. యాసిడ్ వాష్ అంటే మాత్రం దయచేసి పని అప్పగించకండి.

తెలిసినవాళ్ళు నీళ్ళు పోస్తూ, మెషీన్‌కి డైమండ్ ప్యాడ్లు (వజ్రపు పొడి అద్దిన అరగదీసే బిళ్ళలు) వేసి, గరుకు నుంచి నునుపుకి నంబరు పెంచుకుంటూ అరగదీస్తారు. మధ్యలో నంబర్లు దాటేస్తే గీతలు మిగులుతాయి, నల్లరాతి మీద ఎండ పడగానే బయటపడతాయి. నూనె, మైనం పూసి తెచ్చిన మెరుపు కొన్నాళ్ళే. మంచం కింద ఒక బండ చేసి చూపించమనండి. ఆరాకే ఒప్పుకోండి, తడి మీద ఏ బండైనా నల్లగానే కనిపిస్తుంది.

పాలిష్ అయ్యాక రాయికి పూసే సీలర్ అనే పూత మరకలు ఇంకకుండా కాస్త కాపాడుతుంది గానీ యాసిడ్‌ని ఆపదు.

సందుల్లో తెల్లపొడి ఉబుకుతుంటే అది చాలావరకు కింది చెమ్మతో పైకొచ్చే ఉప్పు. అలాగైతే నీళ్ళు ఎక్కడైనా కారుతున్నాయేమో చూడ్డానికి ముందు ప్లంబర్‌ని పిలవండి.

రేటు చదరపు అడుగు లెక్కన మాట్లాడుకుంటే, అందులో సందులు పూడ్చడం, మూలలు రుద్దడం, బురద ఎత్తిపోయడం కలిపారో లేదో రాయించుకోండి.