ఫ్లాస్కులో ఫంగస్ ఉండలు కడితే కల్చర్ పాడైనట్టేనా?

"ఒకే ఫంగస్, ఒకే మీడియా (ఫంగస్ పెరిగే పోషక ద్రవం). ఒకసారి ఉండలుగా, ఇంకోసారి చిక్కగా కలిసిపోయి వస్తోంది. కల్చర్ పాడైందా?" అని అడిగారు. చాలావరకు పాడవదు. మీరు వేసిన స్పోర్ల (ఫంగస్‌కి విత్తనాల్లాంటివి) లెక్క మారింది, అంతే.

గూడూరు వైపు ఒక చిన్న యూనిట్లో ట్రైకోడెర్మా (పంట తెగుళ్లని అడ్డుకునే మేలుచేసే ఫంగస్) తయారీలో పనిచేశాను. ఒక ఎండాకాలం పొద్దున షేకర్ (ఫ్లాస్కుల్ని ఆగకుండా తిప్పే మిషను) తెరిస్తే ఫ్లాస్కుల నిండా ఉడికిన సగ్గుబియ్యంలా తెల్లటి గుండ్లు, మధ్యలో తేటనీళ్లు. ఇన్‌చార్జి సారు "ఏంది సామీ ఇది! కంటామినేషన్! అంతా ఆటోక్లేవ్‌లో పెట్టి పారబోయండి" అని ఒకటే కేకలు. అంటే వేరే క్రిమి చేరింది, ఆవిరితో చంపి పడేయమని. గాజు సామాను కడిగే అక్క మాత్రం "ఈసారి స్లాంట్ల మీద పచ్చపొడే సరిగా రాలేదు సార్, ఉన్నదాన్నే అన్నిట్లోకీ సర్దారు" అంది. స్లాంట్లంటే ఫంగస్‌ని దాచి పెంచే గాజు గొట్టాలు, పచ్చపొడి అంటే స్పోర్లే. ఆమె మాట ఎవరు వింటారు?

పారబోసేలోపు నేను రెండు గుండ్లు తీసి, రెండు ప్లేట్లలో పెట్టా. ఒకటి కిటికీ పక్కన, ఒకటి బీరువాలో. కిటికీ దగ్గరది పచ్చటి వలయాలు వేసింది, బీరువాలోది చాలావరకు తెల్లగానే ఉండిపోయింది. ట్రైకోడెర్మాకి వెలుతురు తగిలితేనే స్పోర్లు బాగా పడతాయి. రెండూ మన ఫంగసే. సారు చూసి "ఊఁ" అని వెళ్లిపోయారు.

అక్క చెప్పిందే అసలు సంగతి. స్పోర్లు తక్కువ పడితే ఒక్కోదానికి చోటు, తిండి ఎక్కువ. ఫంగస్ పోగులు (సన్నటి దారాలు) అల్లుకుంటూ గుండ్రంగా పెరుగుతాయి. గుండు పెద్దదైతే నడిమికి ఆక్సిజన్ అందక లోపలి పోగులు చస్తాయి. ఎక్కువ వేస్తే చిన్న పోగులుగా అంతటా పరుచుకుంటుంది. పీహెచ్, తిప్పే వేగం కూడా కలగజేసుకుంటాయి గానీ, నన్నడిగితే ముందు స్పోర్లే. ఇక కరెంటు పోయి షేకర్ ఆగిందంటే పైన తెల్లటి పొర కట్టేస్తుంది. మాకు ఎండాకాలంలో ఆ టెన్షన్ రోజూ ఉండేది.

ఉండలన్నీ చెడ్డవని కూడా అనుకోకండి. ఆస్పర్జిల్లస్ నైజర్‌తో సిట్రిక్ యాసిడ్ తీసేవాళ్లకి చిన్న గట్టి ఉండలే ముద్దు. మీడియాలో మాంగనీసు లేశమాత్రం ఎక్కువైనా పోగులు సాగి, యాసిడ్ పడిపోతుంది. మాకు కావాల్సింది స్పోర్లు కాబట్టి మా గొడవ వేరు. ఉత్త పోగుల్ని ఎండబెట్టి టాల్క్ పొడిలో కలిపితే ఎక్కువకాలం బతకవు.

అసలు బాధ ఇక్కడుంది. ఇంత కష్టపడి గ్రాముకి 20 లక్షల సీఎఫ్‌యూ (మొలకెత్తగల బతికున్న కణాల లెక్క) ఉండేట్టు ప్యాకెట్ కడితే, కొట్టువాళ్లు మే నెలలో రేకుల షెడ్డులో పడేస్తారు, ఆ వేడికి ఫంగస్ చస్తుంది. నిమ్మరైతు దాన్ని కొనుక్కెళ్లి 90 కిలోల పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండిలో కలుపుతాడు, ఫంగస్ పెరిగిందని చూపే తెల్లపొర రాదు. తిట్లు మాకు. కొందరైతే అదే పాదుకి అదే వారం శిలీంధ్రనాశిని (ఫంగస్‌ని చంపే మందు) పోసి, ఎందుకు పనిచేయలేదని వచ్చి మరీ అడుగుతారు.

మీ విషయానికొస్తే, ఈసారి హీమోసైటోమీటర్‌లో (మైక్రోస్కోప్ కింద కణాలు లెక్కపెట్టే గళ్ల గాజుపలక) లెక్కపెట్టి మిల్లీలీటరుకి పది లక్షల స్పోర్లు పడేట్టు వేయండి. ఇంకా ఉండలే వస్తే అప్పుడు పీహెచ్ చూడండి.