టీచరు ఉద్యోగానికి కువైట్ ఏజెంటు దారి పనికిరాదు

ప్రొద్దుటూరులో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్పే చెల్లెమ్మ అడిగింది: "అక్కా, నాకు ఎమ్మెస్సీ, బీఎడ్ ఉన్నాయి. దుబాయ్‌లో ఇంటర్నేషనల్ స్కూల్లో చేరాలని ఉంది. ఇక్కడ ఒకాయన రెండు లక్షలు కడితే వీసా తెప్పిస్తానంటున్నాడు. కట్టమంటారా?"

వద్దమ్మా. రూపాయి కూడా కట్టొద్దు.

మన ఉమ్మడి కడప జిల్లాలో గల్ఫ్ మాట ఎత్తగానే ఏజెంటే గుర్తొస్తాడు. రాయచోటి, రాజంపేట, కోడూరు, పుల్లంపేట వైపు ఇన్ని కుటుంబాలు కువైట్‌కు పోయింది ఆ దారినే కదా. ఇంటిపనికీ, డ్రైవరు పనికీ వీసా ఎవరో తెస్తారు, ఎవరో అమ్ముతారు, మనవాళ్లు అప్పు చేసి కొంటారు. స్కూలు ఉద్యోగం అట్లా నడవదు. పేరున్న స్కూలు ఖాళీలను తన వెబ్‌సైట్లోనే పెడుతుంది. దరఖాస్తు నచ్చితే వీడియో కాల్‌లో మాట్లాడుతుంది, డెమో క్లాసు చూస్తుంది, ఇప్పుడు పనిచేస్తున్న చోటి ప్రిన్సిపాల్‌కు నేరుగా మెయిల్ పెట్టి మీ గురించి అడుగుతుంది. ఈ మధ్యలో ఏజెంటు చేయగలిగింది ఏమీ లేదు. పైగా 2022 ఫిబ్రవరి నుంచి అమల్లో ఉన్న యూఏఈ కార్మిక చట్టం ప్రకారం నియామకం ఖర్చు యజమానే పెట్టుకోవాలి, ఉద్యోగి దగ్గర వసూలు చేయకూడదు. మన దేశంలో లైసెన్సు ఉన్న రిక్రూటింగ్ ఏజెంటు కూడా 30,000 రూపాయలు, దానిమీద జీఎస్టీ తప్ప ఎక్కువ తీసుకోకూడదు. రెండు లక్షలు అడిగినవాడు ఎట్లాంటివాడో దాన్నిబట్టే అర్థం చేసుకోండి. "ముందు విజిట్ వీసా మీద రండి, చేరాక మారుస్తాం" అన్నా ఒప్పుకోవద్దు. విజిట్ వీసా మీద పని చేయడం అక్కడ నేరం.

ఇంతకూ మీకు ఏ స్కూలు కావాలో ముందు తేల్చుకోండి. గల్ఫ్‌లో సీబీఎస్ఈ స్కూళ్లు చాలా ఉన్నాయి. పుస్తకాలు మనవే, బీఎడ్‌కు విలువ ఉంది, చేరడం కాస్త తేలిక. జీతం మాత్రం బ్రిటిష్ స్కూళ్లతో, ఐబీ (ఇంటర్నేషనల్ బాకలారియేట్ అనే అంతర్జాతీయ సిలబస్) స్కూళ్లతో పోలిస్తే బాగా తక్కువ. కేంబ్రిడ్జ్ ఐజీసీఎస్ఈ (మన పదో తరగతి లాంటిది), ఏ లెవెల్ (మన ఇంటర్ లాంటిది) చెప్పే బ్రిటిష్ స్కూళ్లు చాలావరకు క్యూటీఎస్ అడుగుతాయి, అంటే ఇంగ్లండ్‌లో టీచరుగా పనిచేయడానికి ఇచ్చే గుర్తింపు. దానికోసం లండన్ పోయి మళ్లీ చదవాల్సిన పని లేకుండా 2023 ఫిబ్రవరి నుంచి భారతీయ టీచర్లు కూడా దరఖాస్తు చేసుకునే వీలు వచ్చింది. కాకపోతే మనకు లెక్కలు, సైన్సు, భాషలు చెప్పేవాళ్లకే, అదీ 11 నుంచి 16 ఏళ్ల పిల్లలకు చెప్పే అర్హత ఉన్నవాళ్లకే. మీరు లెక్కల టీచరు కాబట్టి ఈ తలుపు మీకు తెరిచే ఉంది. ప్రైమరీ టీచర్లకు, సోషల్ చెప్పేవాళ్లకు లేదు.

నన్నడిగితే అన్నిటికన్నా మంచి దారి బెంగళూరు. మనకు దగ్గర, అనంతపురం వాళ్లకైతే మరీ దగ్గర. అక్కడ కేంబ్రిడ్జ్, ఐబీ స్కూళ్లు బోలెడున్నాయి. ఒక రెండేళ్లు అందులో చెప్పి వచ్చినవాళ్ల దరఖాస్తు, నేరుగా మన ఊరి స్కూలు నుంచి వచ్చిన దరఖాస్తు ఒకే బల్ల మీద ఉంటే, స్కూలు ముందు దేన్ని చేతికి తీసుకుంటుందో చెప్పక్కర్లేదు.

ఇంక డెమో క్లాసు. ఉద్యోగం వచ్చేదీ పోయేదీ ఇక్కడే, కాబట్టి కాస్త ఎక్కువ రాస్తాను. మనకు ఒక రకం పాఠం అలవాటు. బోర్డు నిండా లెక్కలు చేస్తాం, "అర్థమైందా" అంటాం, పిల్లలంతా "అయింది మేడమ్" అంటారు. ఆ పద్ధతిలో ర్యాంకులు తెప్పించినవాళ్లు మనలో చాలామంది, ఆ కష్టం నాకు తెలుసు. కానీ డెమో చూసేవాళ్లు మీ వేగం చూడరు. పిల్లలు ఎంతసేపు ఆలోచించారు, ఎంతమంది నోరు విప్పారు అన్నదే రాసుకుంటారు.

ఆరో తరగతికి వైశాల్యం, చుట్టుకొలత చెప్పమన్నారనుకోండి. మన కడప బండలనే పాఠంలోకి తెచ్చుకోండి. "అడుగు పొడవు, అడుగు వెడల్పు ఉన్న 24 నల్ల బండలున్నాయి. అన్నీ వాడి దీర్ఘచతురస్రంగా అరుగు పరవాలి. చుట్టూ అంచుకు పట్టీ వేయాలి. ఎట్లా పరిస్తే పట్టీ తక్కువ పడుతుంది?" ఇంతే అడగండి. ఒక్కో గుంపుకు 24 కాగితపు ముక్కలివ్వండి. బండలు అవే కాబట్టి పట్టీ కూడా అంతే పడుతుందని సగం మంది అంటారు. సరిదిద్దొద్దు, పరిచి చూడమనండి. ఒకే వరసలో పరిస్తే 50 అడుగులు, రెండు వరసలైతే 28, మూడైతే 22, నాలుగైతే 20. ఆ అంకెలు పిల్లల నోటి నుంచే రావాలి. ముందే చేసేసిన పిల్ల ఖాళీగా కూర్చోకుండా "36 బండలైతే?" అని అడగండి. వెనకబడిన పిల్లకు గళ్ల కాగితం ఇవ్వండి. వాళ్లు డిఫరెన్షియేషన్ అనేది దీన్నే. ఆఖరి మూడు నిమిషాల్లో ఒక చీటీ ఇచ్చి, "వైశాల్యం మారకుండా చుట్టుకొలత మారుతుందా? ఒక ఉదాహరణ రాయండి" అనండి. ఆ చీటీలు చూసి రేపటి పాఠం ఎక్కడ మొదలుపెడతారో డెమో అయ్యాక మీరే చెప్పండి. చూసేవాళ్లకు అంతకన్నా నచ్చేది లేదు.

ప్రశ్న అడిగాక ఆగడం నేర్చుకోండి. మనం రెండు క్షణాలు కూడా ఓపిక పట్టం, జవాబు మనమే చెప్పేస్తాం. ఇంట్లో పిల్లల్ని కూర్చోబెట్టుకుని ఇదొక్కటి సాధన చేసినా చాలు.

ఇంటర్వ్యూలో పిల్లల భద్రత గురించి తప్పకుండా అడుగుతారు. "ఒక పిల్ల వచ్చి, ఎవరికీ చెప్పనని మాటివ్వండి మిస్, అని ఏదో చెప్పబోతే ఏం చేస్తారు?" మాట ఇవ్వకూడదు. ఓపిగ్గా వినాలి, గుచ్చి గుచ్చి అడగకూడదు, ఆ పిల్ల అన్న మాటలు అన్నట్టే రాసి, స్కూల్లో ఆ బాధ్యత చూసేవారికి అదే రోజు అందించాలి. పిల్లలతో సొంత ఫోన్ నుంచి వాట్సాప్ మాటలుండకూడదు. చెయ్యెత్తడం అన్నది ఊహలో కూడా ఉండకూడదు. మన దేశంలోనూ 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ దాన్ని నిషేధించింది. "మా ఊర్లో కొంచెం మామూలే" అని నవ్వుతూ అన్నారంటే ఇంటర్వ్యూ అక్కడితో ఆఖరు.

ఆఫర్ వచ్చాక మొత్తం జీతం చూసి సంబరపడొద్దు, బేసిక్ ఎంతో చూడండి. యూఏఈలో ఏడాది నిండిన ఉద్యోగికి వెళ్లేటప్పుడు గ్రాట్యుటీ ఇస్తారు. మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజుల బేసిక్, ఆ తర్వాత ఏడాదికి 30 రోజులది. మొత్తం 8,000 దిర్హమ్‌లు ఇచ్చి అందులో బేసిక్ 4,000 అని రాస్తే, ఏడాదికి మీకు జమయ్యేది 2,800. మొత్తమంతా బేసిక్కే అయితే అది 5,600. తర్వాత అడగాల్సినవి: ఇల్లు వాళ్లిస్తారా, డబ్బిస్తారా? జూలై, ఆగస్టు సెలవులకు జీతం ఉందా? ఏటా టికెట్ మీకొక్కరికేనా? మీ పిల్లలకు ఫీజులో ఎంత తగ్గిస్తారు? పిల్లలున్నవాళ్లకు ఈ ఆఖరిది చాలా పెద్ద విషయం, ఇద్దరు పిల్లల ఫీజు కట్టుకుంటూ పోతే మిగిలేదేమీ ఉండదు. ప్రొబేషన్ ఆరు నెలలు దాటకూడదు. పాస్‌పోర్టు స్కూలువాళ్లు దగ్గర పెట్టుకోకూడదు.

కాగితాల పని ఈరోజే మొదలుపెట్టండి, ఆలస్యమయ్యేది ఇక్కడే. డిగ్రీ, బీఎడ్ పట్టాలకు ముందు రాష్ట్రంలో, తర్వాత కేంద్ర విదేశాంగ శాఖలో, ఆపైన యూఏఈ రాయబార కార్యాలయంలో, చివరికి అక్కడి విదేశాంగ శాఖలో అటెస్టేషన్, అంటే పట్టా అసలైనదేనన్న ముద్ర, కావాలి. ఒమన్, బహ్రెయిన్, సౌదీలకు అపోస్టిల్ (మన విదేశాంగ శాఖ వేసే అంతర్జాతీయ ధ్రువీకరణ ముద్ర) ఒకటి ఉంటే సరిపోతుంది, యూఏఈకి సరిపోదు. మనవాళ్లకు ఇంకో చిక్కు ఇంటిపేరు. పదో తరగతి మెమోలో పొడి అక్షరం, డిగ్రీలో ఒక రకం స్పెల్లింగ్, పాస్‌పోర్టులో పూర్తి ఇంటిపేరు ఉంటాయి. మూడూ పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం పోల్చండి, తేడా ఉంటే ఇప్పుడే దిద్దించుకోండి. ఒరిజినల్స్ మీ స్కూలు యాజమాన్యం దగ్గర ఉంటే, రాజీనామా మాట ఎత్తకముందే ఏదో పనుందని చెప్పి తెచ్చుకోండి. పోలీసు క్లియరెన్స్ సర్టిఫికెట్ పాస్‌పోర్ట్ సేవా వెబ్‌సైట్లో దరఖాస్తు చేస్తే వస్తుంది.

ఇండియన్ స్కూళ్లకు ఏడాది ఏప్రిల్‌లో మొదలవుతుంది, వాటికి జనవరి నుంచే చూడండి. బ్రిటిష్ స్కూళ్లు ఆగస్టు చివర్లో తెరుస్తారు, కానీ మంచివి అంతకు ముందు నవంబరు నుంచే టీచర్లను వెతుక్కోవడం మొదలుపెడతాయి. డెమోకు పిలుపు రాగానే ఏ తరగతి, ఏ పాఠం, ఎన్ని నిమిషాలు అన్నది నాకు రాయండి. మీ ప్లాన్ కూడా పంపితే చదివి చెబుతాను.