జోడుగుళ్లపాలెం రాళ్ల దగ్గరికి మళ్లీ వెళ్తున్న అల్లుడికి

అల్లుడూ,

వైజాగ్ వచ్చినప్పుడు మళ్లీ జోడుగుళ్లపాలెం రాళ్ల దగ్గర ఫొటోలు తీసుకుంటానన్నావు, సంతోషం. ఈసారి మాత్రం సూర్యోదయం కోసం అలారం పెట్టుకోకు. సముద్రంలోంచి లేచే సూర్యుణ్ని ఆర్కే బీచ్ నుంచి భీమిలి దాకా ఊరంతా తీస్తూనే ఉంది. కాళ్ల దగ్గర, రాళ్ల మధ్య నిలిచిన నీటి గుంటల్ని చూడు. వాటి కోసమైతే ముందు క్యాలెండర్ చూసి, ఆ తర్వాతే టికెట్ బుక్ చేసుకో.

పౌర్ణమికీ అమావాస్యకీ, ఆ తర్వాత ఒకట్రెండు రోజులూ నీరు బాగా వెనక్కి తీస్తుంది. అప్పుడు కూడా మన దగ్గర పోటుకీ ఆటుకీ తేడా సుమారు ఒకటిన్నర మీటరే. గుజరాత్ తీరం వాళ్లు వింటే నవ్వుతారు, మనకి అదే మహాభాగ్యం. ఆటు సమయం రోజుకి దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది కాబట్టి ఏ రోజుకారోజు టైడ్ టేబుల్ చూసుకోవాల్సిందే. అలల హెచ్చరికలు ఇచ్చే ఇన్‌కాయిస్ మీ హైదరాబాద్‌లోనే ఉంది, అవీ చూసి బయల్దేరు. ఫిబ్రవరి, మార్చి అయితే మరీ మంచిది, మన దగ్గర సముద్రమట్టం ఏడాదిలో అప్పుడే తక్కువ. అక్టోబరు, నవంబరుల్లో మట్టం పెరుగుతుంది, పైగా తుఫాన్ల కాలం. హుద్‌హుద్ వచ్చింది 2014 అక్టోబరు 12నే కదా.

నీకు గుర్తున్న గుంట అక్కడే ఉంటుందనుకోకు. ఇసుక ఒకచోట నిలవదు, ఒక ఏడు బయటపడిన రాయి మరో ఏడు పూడిపోతుంది. పాత గుంట కోసం తిరుగుతూ ఆటు టైమంతా పోగొట్టుకుంటే ఏం లాభం? నీరు తేటగా ఉన్న గుంట ఒకటి చూసుకుని పక్కన కూర్చో. కెమెరా బ్యాగులోనే ఉండనీ. నీ నీడ పడగానే చిన్న చేపలు రాతి సందుల్లోకి దూరతాయి, సన్యాసి పీతలు గుల్లలోకి ముడుచుకుంటాయి. కదలకుండా ఉంటే కాసేపటికి ముందు మీసాలు, తర్వాత కళ్లు, ఆ తర్వాత గుల్లని ఈడ్చుకుంటూ పీత మొత్తం బయటికొస్తుంది. కళ్లు కనిపించినప్పుడే ఫోకస్ పెట్టు. రాతికి బొత్తాలు కుట్టినట్టు ఆకుపచ్చగా, గోధుమ రంగులో అతుక్కుని ఉండేవి జోయాంథిడ్లు, పగడాల చుట్టాలు. నీరు పోయినచోట ముడుచుకుని బంకముద్దలా కనిపిస్తాయి, నీళ్లలో ఉన్నవైతే చుట్టూ పోగులు చాచి విచ్చుకుంటాయి. వాటిని ముట్టుకోకు. కొన్నిటిలో పాలీటాక్సిన్ అనే గట్టి విషం ఉంటుంది, ఆ చేత్తో కళ్లు నులుముకుంటే అంతే సంగతులు.

వెలుతురు సంగతి చెప్తాను. ఎండలో నీటి మీద మెరుపు తప్ప ఏమీ పడదు. సాయంత్రం ఆటు దొరికితే వదులుకోకు, కొండ వెనక్కి సూర్యుడు దిగగానే రాళ్ల మీద నీడ పరుచుకుంటుంది. నీటి మీద మెరుపు తగ్గించే ఫిల్టర్, అదే పోలరైజర్, లెన్స్‌కి పెట్టి, కెమెరా కాస్త ఏటవాలుగా పట్టి దాన్ని తిప్పి చూడు, నిట్టనిలువుగా పైనుంచి తీస్తే దాంతో పెద్ద ఉపయోగం ఉండదు. అది వెలుతురు తినేస్తుంది, కాబట్టి తక్కువ వెలుతురులోనూ ఫొటో పడేలా చేసే ఐఎస్‌ఓ సెట్టింగ్ పెంచడానికి మొహమాటపడకు. ఫొటోలో గరుకు చుక్కలు, గ్రెయిన్ వస్తుందని టెన్షన్ పడి షేక్ అయిన ఫొటోలు తెచ్చుకునేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

పాచి పట్టిన రాయి మీద చెప్పులు జారతాయి, పట్టున్న బూట్లు వేసుకో. రాయి ఎత్తి చూస్తే ఎలా ఉన్నదాన్ని అలాగే పెట్టు, దాని అడుగున బతికేవి ఎండకి చచ్చిపోతాయి. సముద్రానికి వీపు పెట్టి కూర్చోకు. లెన్స్ అక్కడ మార్చకు. ఇంటికి రాగానే మంచినీళ్లలో తడిపి పిండిన గుడ్డతో కెమెరా తుడువు, ఉప్పు ఊరుకోదు.

ప్రతి గుంటకీ తేదీ, ఆటు టైం ఫోన్‌లో రాసి పెట్టుకో. మళ్లీ వచ్చినప్పుడు అవే పనికొస్తాయి. టికెట్ తీసుకోగానే మీ అత్తయ్యకి చెప్పు, నాకు చెప్తే మర్చిపోతాను.

మీ మావయ్య