చవగ్గా వచ్చిన డీజిల్ కారు లండన్‌లో చవక కాదు

"లండన్ వచ్చి రెండు నెలలైంది. హౌన్స్‌లోలో ఉంటున్నాం. మా ఆయనవి నైట్ షిఫ్టులు, పాపని బడికి దింపాలి. 2013 డీజిల్ కారు ఒకటి 1,800 పౌండ్లకే వస్తోంది. తీసుకోమంటారా?"

వద్దమ్మా, తీసుకోకండి. ఆ ధర తక్కువగా ఉండడానికి కారణమే యూలెజ్, అంటే ఎక్కువ పొగ వదిలే బళ్ళకి రోజువారీ చార్జీ వేసే లండన్ జోన్ రూలు. 2019 ఏప్రిల్‌లో సెంట్రల్ లండన్‌లో మొదలైన ఈ రూలు 2023 ఆగస్టు 29 నుంచి లండన్ బరోలన్నిటికీ (అంటే మొత్తం నగరానికి) వచ్చేసింది. మీ హౌన్స్‌లో కూడా అందులోదే. పొగ ప్రమాణాలకి సరిపోని కారు బయటికి తీస్తే రోజుకి 12.50 పౌండ్లు కట్టాలి. శని, ఆదివారాలు కూడా వదలరు, ఒక్క క్రిస్మస్ రోజు తప్ప. ఇంటి ముందు కదలకుండా ఉంటే మాత్రం ఏమీ లేదు.

ఇక్కడ రోజంటే అర్ధరాత్రి నుంచి అర్ధరాత్రి దాకా. మీవారు సోమవారం రాత్రి పదింటికి బయల్దేరి మంగళవారం తెల్లవారి ఇంటికొస్తే రెండు రోజుల లెక్క పడుతుంది. శుక్రవారం దాకా ఐదు రాత్రులు డ్యూటీ చేసి శనివారం పొద్దున తిరిగొస్తే మొత్తం ఆరు రోజులు, అంటే వారానికి 75 పౌండ్లు. ఇరవై నాలుగు వారాల్లో కారు కొన్నంత డబ్బు మళ్ళీ కట్టినట్టే.

కొత్తగా వచ్చినవాళ్ళు ఎక్కువగా పొరబడేది కారు వయసు దగ్గర. మీ 2013 డీజిల్‌కి డబ్బు కట్టాలి, 2008 పెట్రోల్ కారుకి సాధారణంగా అక్కర్లేదు. పెట్రోల్‌కి యూరో 4 (యూరప్ పొగ ప్రమాణం) ఉంటే చాలు, 2006 నుంచి వచ్చిన బళ్ళు చాలావరకు సరిపోతాయి. డీజిల్‌కి యూరో 6 కావాలి, అంటే దాదాపు 2015 సెప్టెంబర్ తర్వాతవి. డీజిల్ పొగలో నైట్రోజన్ ఆక్సైడ్లు ఎక్కువ కాబట్టి దాని మీద అంత పట్టుదల.

ఈ రూలు మీద నాకూ మొదట్లో కోపం ఉండేది. తర్వాత ఎల్లా అడూ కిస్సీ డెబ్రా అనే తొమ్మిదేళ్ళ పాప గురించి చదివాను. లూయిషమ్‌లో, రద్దీగా ఉండే సౌత్ సర్క్యులర్ రోడ్డు దగ్గర వాళ్ళ ఇల్లు. ఆస్తమాతో 2013లో పోయింది. ఆ మరణానికి గాలి కాలుష్యం కూడా ఒక కారణమని 2020లో కరోనర్ (మరణ కారణాలు విచారించే అధికారి) విచారణ తేల్చింది. మన పిల్లలు కూడా ఇలాంటి రోడ్ల పక్క నుంచే బడికి నడుస్తారు.

ఇక్కడ టోల్ గేటు ఉండదు, ఎవరూ ఆపరు. కెమెరా నంబర్ ప్లేటు చదువుకుంటుంది, అంతే. వెళ్ళిన రోజు తర్వాత మూడో రోజు అర్ధరాత్రి లోపు మనమే గుర్తుపెట్టుకుని కట్టాలి. మరిచిపోతే 180 పౌండ్ల ఫైన్, పద్నాలుగు రోజుల్లో కడితే 90. నేను ఇల్లు మారినప్పుడు కారు రిజిస్ట్రేషన్ పత్రమైన లాగ్‌బుక్‌లో అడ్రస్ మార్చలేదు. ఉత్తరాలన్నీ పాత ఇంటికి వెళ్ళాయి. నా చేతికి వచ్చేసరికి ఫైన్ 270 అయి కూర్చుంది. ఆ నెల ఎంత టెన్షన్ పడ్డామో! మీరు కారు కొన్నా, ఇల్లు మారినా ముందు బళ్ళ రిజిస్ట్రేషన్లు, లైసెన్సులు చూసే డీవీఎల్‌ఏలో లాగ్‌బుక్ అడ్రస్ మార్పించుకోండి, లైసెన్సు మీద కూడా.

సెంట్రల్ లండన్‌కి పగలు కారులో వెళ్తే కంజెషన్ చార్జీ (రద్దీ రుసుము) వేరే. యూలెజ్‌కి సరిపోయే కారైనా అది కట్టాల్సిందే. ఆ పక్కకి ట్యూబే (భూగర్భ రైలు) మేలు.

బర్మింగ్‌హామ్ సిటీ సెంటర్‌లో పొగ ప్రమాణాలకి సరిపోని కార్లకి రోజుకి 8 పౌండ్లు. గ్లాస్గో, ఎడిన్‌బరా సంగతి ఇంకా కఠినం. అక్కడ డబ్బు కట్టి వెళ్ళే వీలే లేదు, సరిపోని కారు జోన్‌లోకి వెళ్తే నేరుగా ఫైనే. మొదటిసారి 60 పౌండ్లు, మళ్ళీ మళ్ళీ దొరికితే రెట్టింపవుతూ పోతుంది.

మీరు చూస్తున్న కారు నంబరు టీఎఫ్ఎల్ (లండన్ రవాణా సంస్థ) సొంత వెబ్‌సైట్‌లో కొట్టి చూడండి, డబ్బేమీ తీసుకోరు. నెట్‌లో వెతికితే పైన కనిపించే ప్రకటనల సైట్లలోకి వెళ్తే అదనంగా గుంజుతారు. అమ్మేవాడు "యూలెజ్ ఫ్రీ" అన్నా సరే, అడ్వాన్స్ ఇవ్వకముందే మీ ఫోన్లో మీరే చూసుకోండి.