పాఠశాలల్లో కళల కార్యక్రమం చేపట్టబోతున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి,

ఆశీస్సులు. ప్రభుత్వ నిధులతో బడుల్లో నడిచే కళా, సృజన కార్యక్రమానికి నిన్ను సమన్వయకర్తగా నియమించారని తెలిసి చాలా సంతోషించాను. పని ఎక్కడ మొదలుపెట్టాలి, ఏ విషయంలో పట్టుబట్టాలి, ఏది చూసీచూడనట్టు వదిలేయవచ్చు అని అడిగావు. ఈ పనిలోనే చాలాకాలం గడిపినదాన్ని కాబట్టి, నీకు అక్కరకు వస్తుందనుకున్నది కాస్త వివరంగానే రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు మంజూరు ఉత్తర్వులో గ్రాంటు ఎప్పుడు ముగుస్తుందో చూడు. ఇలాంటి కార్యక్రమాలకు చాలావరకు గడువు ఉంటుంది, ఆ గడువు పొడిగిస్తారో లేదో బడిలో ఎవరి చేతిలోనూ ఉండదు. ఇంగ్లండ్‌లో 2002లో, కళలకు ప్రభుత్వ నిధులు పంచే ఆర్ట్స్ కౌన్సిల్ ఆధ్వర్యంలో మొదలైన క్రియేటివ్ పార్ట్‌నర్‌షిప్స్ అనే కార్యక్రమం కళాకారులనూ ఉపాధ్యాయులనూ జతచేసి వేల బడుల్లో పనిచేయించింది. ప్రభుత్వ ఖర్చులో కోతలు రావడంతో 2011లో దానికి నిధులు ఆగిపోయాయి. అంత పెద్ద ప్రయత్నానికే తప్పనిది మనకు తప్పుతుందని అనుకోవడానికి లేదు. అందుకే ఏ నిర్ణయం తీసుకునేటప్పుడైనా ఒక ప్రశ్న వేసుకో: డబ్బు ఆగిపోయిన మరుసటి నెలలో, కళాకారుడు రాని రోజున, తరగతి ఉపాధ్యాయురాలు ఈ పిల్లలతో ఏం చేయగలుగుతుంది? ఈ ఉత్తరంలో నేను చెప్పబోయేదంతా ఈ ప్రశ్నకు జవాబే.

చాలా బడుల్లో కళాకారుడు గదిలోకి రాగానే ఉపాధ్యాయురాలు నోటుపుస్తకాల కట్ట తీసుకుని పక్కగదికి వెళ్లిపోతుంది. తప్పు ఆమెది కాదు. ఆమెకు పని ఎక్కువ, ఈ కార్యక్రమంలో తన పాత్ర ఏమిటో ఆమెకు ఎవరూ చెప్పి ఉండరు, పైగా "నాకు బొమ్మలు వేయడం రాదు" అన్న బెరుకు ఒకటి. ఆ బెరుకు పోగొట్టడం నీ మొదటి బాధ్యత. పిల్లలతో పని మొదలుకాకముందే కళాకారుడూ ఉపాధ్యాయురాలూ కూర్చుని మాట్లాడుకోవడానికి సమయం కేటాయించు. ఆ సమయానికి కూడా కళాకారుడికి పారితోషికం ఇవ్వాలి, ఉపాధ్యాయురాలికి ఆ గంటలు పనివేళల్లోనే దొరికేలా ప్రధానోపాధ్యాయుణ్ణి ముందే ఒప్పించాలి. తొలి తరగతులు కళాకారుడు నడిపితే ఆమె పిల్లల మధ్య కూర్చుని తానూ చేయాలి. ఆ తర్వాత కొన్ని ఇద్దరూ కలిసి నడపాలి. చివరివి పూర్తిగా ఆమే నడుపుతుంటే కళాకారుడు వెనక బెంచీలో కూర్చోవాలి. ఈ మూడో దశకు చేరని బడిలో కార్యక్రమం ఎంత కళకళలాడినా, అది సగంలో ఉన్నట్టే లెక్క. ఇటలీలోని రెజియో ఎమిలియా పురపాలక సంఘం 1963 నుంచి తానే నడుపుతున్న శిశు పాఠశాలల్లో కళా నేపథ్యం ఉన్న ఒక వ్యక్తిని ఉపాధ్యాయులతో పాటు నిత్యం బడిలోనే ఉంచే పద్ధతి ఏర్పడింది. మనకు అంత వెసులుబాటు ఉండదు, కానీ కళ తెలిసినవారూ పిల్లలు తెలిసినవారూ రోజూ మాట్లాడుకోవాలన్న ఆ ఆలోచనను ఎంత చిన్న కార్యక్రమమైనా అందిపుచ్చుకోవచ్చు.

కళాకారులను ఎంచుకునేటప్పుడు పేరు, పురస్కారాలు చూసి మురిసిపోవద్దు. ఒక్కొక్కరినీ ఒక గంటసేపు పిల్లల మధ్య పనిచేయమని అడిగి, నువ్వు మూలన కూర్చుని చూడు. పిల్లవాడు గీస్తున్న గుర్రం కాళ్లు కుదరలేదని చేతిలోంచి పెన్సిల్ తీసుకుని సరిదిద్దేవారిని పక్కన పెట్టు, వారు ఎంత గొప్ప చిత్రకారులైనా సరే. "ఇది ఎటు పరుగెడుతోంది?" అని అడిగి జవాబు వచ్చేదాకా ఆగగలిగినవారు దొరికితే వదులుకోకు. ఒకే కళాకారుడు ఒకే తరగతికి మళ్లీమళ్లీ రావాలన్నది కూడా షరతుగా పెట్టు. ఒక్కరోజు వచ్చి వెళ్లే కళాకారుడి దగ్గర పిల్లలు ఆనందిస్తారు, చప్పట్లు కొడతారు; కానీ తాము చేసినది నచ్చక చించేసి మళ్లీ మొదలుపెట్టే అవకాశం వాళ్లకు దొరకదు, అసలు నేర్చుకోవడమంతా అక్కడే ఉంది.

పని ఎలా ఉండాలో ఒక ఉదాహరణ చెబుతాను. ఐదో తరగతి పిల్లలను కళ్లు మూసుకుని బడిలోని చప్పుళ్లు వినమని చెప్పండి. గంట, బెంచీ జరిపిన మోత, మెట్ల మీద అడుగులు, పక్క తరగతిలో ఎక్కాలు, కిటికీ అవతలి పిట్ట. ఒక్కో చప్పుడుకు ఒక్కో గుర్తు వాళ్లనే కనిపెట్టనివ్వండి. ఆ గుర్తులను పెద్ద కాగితం మీద వరుసగా రాసి, ఆ కాగితం చూస్తూ నోటితో, చేతులతో, బెంచీలతో వాయించమనండి. ఇందులో సంగీతం ఉంది, చిత్రలేఖనం ఉంది, శబ్దం గురించిన విజ్ఞానశాస్త్ర పాఠం ఉంది, ఏ గుర్తు ఎందుకు నప్పుతుందో వాదించుకోవడంలో భాష ఉంది. నిర్ణయాలన్నీ పిల్లలవే. ఖర్చు కాగితానికీ రంగులకీ మించదు కాబట్టి ఉపాధ్యాయురాలు మరుసటి ఏడాది మరో తరగతితో ఇదే పని ఒంటరిగా చేసుకోగలదు. అదే "అందరూ సూర్యోదయం గీయండి" అంటే గోడ మీదికి ముప్పై ఒకేలాంటి సూర్యోదయాలు వస్తాయి, అవి చూడటానికి అందంగా ఉండవచ్చు గానీ వాటిలో పిల్లలు ఆలోచించినది ఏమీ ఉండదు.

ఇక ఎవరి కోసం అన్న విషయంలో నువ్వు గట్టిగా నిలబడాల్సి వస్తుంది. "బాగా వేసే పిల్లలను ఎంపిక చేసి పంపుతాం" అని బడివారు ప్రేమతోనే అంటారు. ఒప్పుకోవద్దు. ఇది ప్రజల డబ్బు, తరగతిలోని ప్రతి బిడ్డకూ ఇందులో వాటా ఉంది. 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక 31వ అధికరణం సాంస్కృతిక, కళా జీవితంలో పాల్గొనే హక్కును పిల్లలందరికీ ఇచ్చింది, ప్రతిభ ఉన్నవారికి మాత్రమే అని అనలేదు. నార్వేలో 2001లో జాతీయ స్థాయిలో మొదలైన 'సాంస్కృతిక బడిసంచి' పథకం ప్రభుత్వ లాటరీ సంస్థ మిగులు నుంచి నిధులు తీసుకుని, వృత్తి కళాకారులను బడులకు పంపుతోంది. ఆ పని బడివేళల్లో, తరగతి మొత్తానికి జరుగుతుంది. బడి వదిలాక పెడితే ఇంట్లో తమ్ముణ్ణి చూసుకోవాల్సిన పిల్ల, దూరం నడిచి వెళ్లాల్సిన పిల్లవాడు రాలేరు. వచ్చేవారు ఇతరత్రా కూడా కళ నేర్చుకోగలిగిన ఇళ్ల పిల్లలే అవుతారు. కాబట్టి టైమ్‌టేబుల్‌లో పీరియడ్ సంపాదించు. చూపు, వినికిడి, నడక ఇబ్బందులున్న పిల్లలు ఆ తరగతిలో ఉంటే వారి గురించి కళాకారుడికి ముందే చెప్పు, వారికి చివర్లో ఏదో ఒక పని అప్పజెప్పే పరిస్థితి రానివ్వకు.

లెక్కల గురించి క్లుప్తంగా చెబుతాను. కళాకారుల పారితోషికం ఆలస్యం కానివ్వకు. ఖరీదైన సామగ్రి కొనే బదులు బడిలో ఎప్పటికీ దొరికే వస్తువులతో పనిచేయించు. ప్రతి వోచరూ అదే రోజు ఫైలులో పెట్టు. కళాకారుణ్ణి పిల్లలతో ఒంటరిగా ఎన్నడూ ఉంచవద్దు, తల్లిదండ్రుల లిఖితపూర్వక అనుమతి లేకుండా ఏ బిడ్డ ఫోటో బయటికి పోనివ్వవద్దు. ఈ రెండింటికీ మినహాయింపు లేదు.

ఏడాది చివర ప్రదర్శన పెట్టమని పైనుంచి అడుగుతారు, అడగడం న్యాయమే. అయితే ఆ తేదీ దగ్గరపడేకొద్దీ పెద్దలు పిల్లల పనిని తమ చేతుల్లోకి తీసుకుంటారు, మిగిలిన తరగతులన్నీ రిహార్సల్స్‌గా మారిపోతాయి. పూర్తయిన బొమ్మ పక్కనే దాని తొలి చిత్తు ప్రతులను కూడా గోడకు పెట్టించు. వచ్చిన అధికారికి ఆ పని గురించి పిల్లలే వివరించేలా చూడు. పదేళ్ల పాప తాను ముందు ఏం అనుకుంది, ఎందుకు మార్చింది అన్నది చెప్పినప్పుడు, ఈ డబ్బు దేనికి ఖర్చయిందో ఏ ఉపన్యాసం అక్కర్లేకుండా వారికి అర్థమవుతుంది.

నివేదికలో ఒక జాగ్రత్త తీసుకో. కళల వల్ల లెక్కల్లో మార్కులు పెరిగాయని రాయమని ఎవరైనా సలహా ఇస్తే వినకు. అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో కళలు, నేర్చుకోవడం మీద పరిశోధించే ప్రాజెక్ట్ జీరో బృందానికి చెందిన ఎలెన్ విన్నర్, లోయిస్ హెట్లాండ్ 2000లో అప్పటివరకు జరిగిన పరిశోధనలన్నీ పరిశీలించి, తరగతి గదిలో నాటకం వల్ల భాషా సామర్థ్యం పెరగడం వంటి కొన్ని సందర్భాల్లో తప్ప అలాంటి ఫలితానికి నమ్మదగిన ఆధారం లేదని తేల్చారు. నిరూపించలేని మాట మీద కార్యక్రమాన్ని నిలబెడితే, మార్కులు పెరగని ఏడాది దాన్ని ఎత్తేయడానికి అదే కారణమవుతుంది. వివిధ దేశాల విద్యార్థులకు పెట్టే అంతర్జాతీయ పరీక్ష పీసాలో 2022లో 15 ఏళ్ల పిల్లల సృజనాత్మక ఆలోచనను చూసినప్పుడు, భిన్నమైన ఆలోచనలు ఎన్ని చేయగలరు, కొత్తవి ఎలా చేస్తారు, ఉన్నవాటిని ఎలా మెరుగుపరుస్తారు అన్న మూడు అంశాలు తీసుకున్నారు. నీ నివేదికకూ అవి పనికొస్తాయి. ఒక్కో తరగతిలో కొందరు పిల్లల పనిని మొదటి రోజు నుంచి తేదీలతో సహా దాచి, దాని పక్కన ఉపాధ్యాయురాలు గమనించినది నాలుగు వాక్యాల్లో రాయిస్తే, మార్పు ఉంటే అక్కడే కనబడుతుంది.

బడ్జెట్ ముసాయిదా సిద్ధమయ్యాక సంతకం పెట్టకముందు నాకు ఒక ప్రతి పంపు. ఉపాధ్యాయుల, కళాకారుల ఉమ్మడి సమావేశాలకు విడిగా పద్దు పెట్టావో లేదో ముందు అది చూస్తాను. ఆ పద్దు అనవసరమని ఆర్థిక విభాగం వారు కొట్టేయబోతే, దాని అవసరం వివరిస్తూ వారికి ఇవ్వాల్సిన వివరణ పత్రం మనిద్దరం కలిసి తయారుచేద్దాం.

ఆశీస్సులతో,
నీ పెద్దమ్మ