ఎండాకాలం కాన్పుకి బ్యాగు సర్దుకునేటప్పుడు

అమ్మలూ,

నీ డెలివరీ డేట్ నడి ఎండాకాలంలో పడిందని విన్నప్పటి నుంచి నీకిది రాయాలనుకుంటున్నా. బ్యాగు అనగానే అందరూ బుల్లి చొక్కాలు, టోపీలు, మేజోళ్ళు కొనడం మొదలుపెడతారు. ముచ్చటే, కాదనను. కానీ వేసవిలో పుట్టే బిడ్డకు బట్టలతో పని చాలా తక్కువ, ఎక్కువ కావలసింది నీకే. బ్యాగులో సగానికి పైగా నీ సామానే ఉండాలి, అందుకు ఎవరేమన్నా పట్టించుకోకు.

36వ వారం వచ్చేసరికి అంతా సర్దేసుకో. సర్దాక బ్యాగు ఇంట్లో తలుపు దగ్గర పెట్టు, కారు డిక్కీలో మాత్రం పడేసి ఉంచొద్దు. చలికాలంలో అయితే పరవాలేదుగానీ ఎండలో నిలబెట్టిన కారు లోపల ఎంత వేడెక్కుతుందో నీకు తెలుసు కదా, క్రీములు కరిగిపోతాయి, మందులు పాడవుతాయి, పవర్ బ్యాంక్ అయితే ప్రమాదం కూడా.

ఇంకో సంగతి, నొప్పుల్లో ఉన్నప్పుడు ఆ బ్యాగు తెరిచేది నువ్వు కాదు. నీ తోడు వచ్చినవాళ్ళు తెరుస్తారు, కంగారులో వాళ్ళకి ఏదీ కనపడదు. అందుకని నొప్పులప్పుడు కావలసినవి ఒక చిన్న సంచిలో, కాన్పు తర్వాతవి పెద్ద బ్యాగులో, బిడ్డవి ఇంకో కవర్లో పెట్టి, పైన పేరు రాసి, ఏది ఎక్కడుందో వాళ్ళతోనే ఒకసారి తీయించి చూపించు. ఫైలు అన్నిటికంటే పైన ఉండాలి: స్కాన్ రిపోర్టులు, రక్త పరీక్షలు, గుర్తింపు కార్డు, ఇన్సూరెన్స్ కాగితాలు, నువ్వు వాడే మందుల పేర్లు, పడని మందులుంటే అవీ. నీది నెగటివ్ బ్లడ్ గ్రూప్ అయితే ఆ మాట కాగితం మీద పెద్దగా రాసి పెట్టు, ఎందుకంటే బిడ్డ గ్రూప్ పాజిటివ్ అయితే నీకు మామూలుగా 72 గంటల్లోపు ఇంజెక్షన్ ఇవ్వాలి.

చిన్న సంచిలోకి ముందు నీళ్ళ సీసా. స్ట్రా ఉన్నదే తీసుకో, పక్కకి తిరిగి పడుకున్నప్పుడు, వంగి నిలబడినప్పుడు మామూలు సీసాతో తాగలేవు. బ్యాటరీతో తిరిగే చిన్న ఫ్యాను, మంచినీళ్ళు నింపిన స్ప్రే సీసా, మొహం తుడుచుకోవడానికి రెండు మూడు మెత్తటి గుడ్డలు, జుట్టు గట్టిగా కట్టుకోవడానికి బ్యాండ్లు, పెదాలకి రాసుకునే బామ్. నొప్పుల్లో నోటితో ఊపిరి తీసుకుంటాం కాబట్టి పెదాలు ఎండిపోతాయి. ఏం తాగొచ్చో, ఏం తినొచ్చో ముందే డాక్టర్ని అడుగు, ఆపరేషన్ అవసరపడేలా ఉంటే తిననివ్వకపోవచ్చు. ఉంగరాలు ఇంట్లోనే తీసి పెట్టి వెళ్ళు, ఎండకి వేళ్ళు ఇంకా ఉబ్బుతాయి. చెప్పులు కూడా కాస్త వదులువి, జారనివి చూసుకో.

పెద్ద బ్యాగులో నీకు ముందు బొత్తాలున్న పల్చటి కాటన్ నైటీలు. నువ్వు అనుకున్నదానికంటే రెండు ఎక్కువే పెట్టుకో. కాన్పయ్యాక ఒంట్లో చేరిన నీరంతా బయటికి పోతుంది, రాత్రిళ్ళు పక్క తడిసేంత చెమట పడుతుంది, దానికి తోడు వేసవి, పైగా పాలు కారడం. ఒక్క రోజులో మూడు మార్చాల్సి రావచ్చు. లోదుస్తులు కూడా కాటన్‌వే, బొడ్డు పైకి వచ్చేవి. ఒకవేళ ఆపరేషన్ అయితే ఎలాస్టిక్ కుట్ల మీద ఒరుసుకోకుండా ఉంటుంది. కాన్పు తర్వాత వాడే పెద్ద ప్యాడ్లు ధారాళంగా పెట్టుకో, మొదటి రోజుల్లో రక్తం బాగానే పోతుంది, తగ్గుతూ తగ్గుతూ నాలుగు నుంచి ఆరు వారాల దాకా ఉంటుంది. వేడికి తడి ప్యాడ్ ఒరుసుకుని చర్మం మండుతుంది కాబట్టి నిండకపోయినా మారుస్తూ ఉండు. ఏసీ గది దొరికితే చలేస్తుంది, అందుకు పల్చటి శాలువా ఒకటి చాలు.

బిడ్డకి ఒకసారి ఉతికి ఆరబెట్టిన పల్చటి చొక్కాలు అయిదారు, మెత్తటి నూలు గుడ్డలు అన్నే, టోపీ ఒకటి, రోజుకి పది పన్నెండు లెక్కన డైపర్లు. అంతే. టోపీ పుట్టిన కొత్తలో తల తడిగా ఉన్నప్పటి కోసం. ఒళ్ళు వెచ్చబడ్డాక, వెచ్చటి గదిలో తీసెయ్యాలి, పసివాళ్ళు తల ద్వారానే చాలా వేడిని వదులుతారు. చేతులు కాళ్ళు చల్లగా ఉన్నాయని చూసినవాళ్ళంతా దుప్పట్లు చుట్టమంటారు, వినకు. మెడ వెనకో, ఛాతీ మీదో చెయ్యి పెట్టి చూడు. అక్కడ చెమటగా, కాలుతున్నట్టు ఉంటే ఒక పొర తీసెయ్యి. పౌడరు డబ్బా అసలు పెట్టొద్దు. బిడ్డకి దాహమేస్తుందని ఎవరైనా నీళ్ళు పట్టబోతే గట్టిగా వద్దని చెప్పు, ఆరు నెలలు నిండేదాకా ఎంత ఎండైనా పాలు చాలు. నీళ్ళు తాగాల్సింది నువ్వు, పాలిచ్చిన ప్రతిసారీ.

థర్మామీటర్ తప్పకుండా పెట్టుకో. నాకు అన్నిటికంటే ఎక్కువ భయం దీని గురించే. ఎండాకాలంలో ఒళ్ళు వెచ్చబడితే "వేడిలే" అని ఊరుకుంటారు. కాన్పు తర్వాత నీకు 38 డిగ్రీలు, అంటే ఫారెన్‌హీట్‌లో 100.4 దాటితే అది ఇన్‌ఫెక్షన్ కావచ్చు, వెంటనే నర్సుకి చెప్పాలి. బిడ్డకి అంత వస్తే ఇంట్లో ఉన్నా సరే ఆ క్షణమే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి, తెల్లారనిద్దాం అనుకోవద్దు. కాన్పుకి ముందు కూడా అంతే, ఎండకి కాళ్ళు వాయడం మామూలే గానీ ఉన్నట్టుండి మొహం, చేతులు ఉబ్బి, తలనొప్పో కళ్ళు మసకో అయితే అది ఎండ వల్ల కాదు, బీపీ చూపించుకోవాలి. నువ్వు మొహమాటస్తురాలివి, ఊరికే కంగారు పెడుతున్నానేమో అని నోరు నొక్కుకుంటావు. అలా చెయ్యకు తల్లీ, పదిసార్లు అడిగినా తప్పు లేదు.

ఇంటికి వచ్చే రోజు వీలైతే పొద్దున్నే గానీ, ఎండ తగ్గాక గానీ బయల్దేరండి. కారు ముందు చల్లబడనిచ్చి, బెల్టు బకిల్ కాలుతోందేమో చేత్తో చూసి అప్పుడు బిడ్డని ఎక్కించండి. ఎండ పడుతోందని బిడ్డ మీద గుడ్డ కప్పెయ్యకండి, గాలి ఆడక లోపల ఉడికిపోతుంది, కిటికీకి అడ్డం కట్టండి.

మాసిన బట్టలకి ఖాళీ సంచి, పొడుగు వైరున్న ఛార్జర్, తోడు ఉండేవాళ్ళకి ఒక జత బట్టలు, ఇవి నువ్వే చూసుకోగలవు. ఈ ఆదివారం సర్ది, ఫొటో తీసి పంపు, ఏమైనా తగ్గితే చెబుతా.

ఉంటాను,
మీ పెద్దమ్మ