‘ఇంపీడ్’ అన్న మాటలో దాగిన పాదం

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన అనువాద కథను రెండుసార్లు చదివాను. వచనం హాయిగా సాగుతోంది గానీ, ‘వర్షం వాళ్ల ప్రయాణాన్ని ఆపేసింది’ అన్న వాక్యం దగ్గర నా మనసు ఒప్పుకోలేదు. ఇంగ్లీషు మూలంలో అక్కడున్న క్రియ ‘ఇంపీడ్’. ప్రయాణం ఆగిందని ఆ రచయిత అనలేదు, కష్టంగా, మెల్లగా సాగిందని మాత్రమే అన్నాడు. మరుసటి పుటలో వాళ్లు గమ్యం చేరనే చేరారు గదా! ఆగిపోయిన ప్రయాణం గమ్యానికి ఎలా చేరిందని పాఠకుడు అడిగితే ఏం చెబుతావు?

ఈ మాట పుట్టుక తెలిసి ఉంటే నీ కలం అక్కడ తప్పటడుగు వేసేది కాదు. లాటిన్‌లో ‘పెస్’ అంటే పాదం. మనం సంస్కృతం నుంచి తెచ్చుకున్న ‘పాదం’, ఆ ‘పెస్’ ఒకే ప్రాచీన ధాతువు సంతానం. ‘పెస్’ నుంచి వచ్చిన ‘ఇంపెదిరె’ అన్న క్రియకు కాళ్లకు బంధం వేయడమని అర్థం. రోమన్ సైన్యం వెంట తరలే సామాను సరంజామాను ‘ఇంపెదిమెంత’ అనేవారు. ఆ బరువుతోనే సైన్యం నడిచేది, కాకపోతే వేగం తగ్గేది. ఆ బంధం విప్పి పాదాన్ని విడిపిస్తే అది ‘ఎక్స్‌పెడైట్’, అంటే పనిని త్వరితపరచడం. పదవిలో ఉన్నవారిపై అభియోగం మోపడమనే అర్థమున్న ‘ఇంపీచ్’ కూడా కాలి సంకెలను చెప్పే లాటిన్ మాట నుంచి, పాత ఫ్రెంచి మీదుగా వచ్చినదేనని తెలిసిన రోజు నాకు కలిగిన ఆనందం ఇప్పటికీ గుర్తుంది. 1886లో ఆంగ్ల విద్యుత్ శాస్త్రవేత్త ఆలివర్ హెవిసైడ్ ‘ఇంపీడెన్స్’ అన్న మాటను కల్పించినప్పుడు కూడా ఆ పాత అర్థం చెదరలేదు. ఇంపీడెన్స్ అంటే ఏకాంతర విద్యుత్తుకు (దిశ మార్చుకుంటూ ప్రవహించే ఏసీ కరెంటుకు) వలయంలో ఎదురయ్యే నిరోధం. దాన్ని ఓమ్‌లలో కొలుస్తారు, ఆ నిరోధం ఉన్నా విద్యుత్తు ప్రవహిస్తూనే ఉంటుంది.

‘ప్రివెంట్’ అంటే పని జరగనే జరగదు. ‘అబ్‌స్ట్రక్ట్’లో కట్టడమన్న ధాతువు ఉంది కనుక దారికి అడ్డంగా ఏదో నిలిచినట్టు కనిపించాలి. ‘ఇంపీడ్’కు మాత్రం కర్మగా కదలిక ఉన్నదేదో కావాలి: పురోగతి, దర్యాప్తు, రాకపోకలు, శ్వాస. ‘మాక్బెత్’ నాటకంలో షేక్‌స్పియర్ దీని తరువాత ‘ఫ్రమ్’ చేర్చాడు గానీ, నేటి వాడుకలో ఆ తోడు ‘ప్రివెంట్’కే చెల్లుతుంది.

తెలుగులో ‘ముందరికాళ్లకు బంధం వేయడం’ దీనికి అచ్చంగా సరిపోతుందని నీకు వెంటనే తోచవచ్చు. నాకూ ఒకప్పుడు అలాగే తోచింది. అయితే మన జాతీయంలో ఎదుటివాడిని ముందుగానే కట్టడి చేసే మనిషి ఉద్దేశం ఉంటుంది, వర్షానికి అటువంటి ఉద్దేశం ఉండదు. అందుకే ఆ జాతీయాన్ని పాత్రల మధ్య జరిగే సంభాషణకు దాచుకుని, ఇక్కడ ‘వర్షానికి వాళ్ల నడక మందగించింది’ అని రాసి చూడు. అదే కథలో ఈ క్రియ మరో రెండుచోట్ల ఉంది. వాటిని కూడా సరిచూసి, ఆ పుటలు మాత్రం నాకు మళ్లీ పంపు.